మాట ఎంతవరకు వచ్చింది?

పోయిన శ్రావణంలో మా అక్క కూతురి పెళ్లి పెట్టుకున్నాం. హాలు, పురోహితుడు, పూలు అన్నీ అక్కా బావగారూ చూసుకుంటే వంట పని మాత్రం నాకు అప్పజెప్పారు, ఎందుకంటే రెండేళ్ల కిందట మా గృహప్రవేశానికి వండిన తాడేపల్లి మేస్త్రి గారి గుత్తొంకాయ కూరని మా చుట్టాలు ఇంకా తలుచుకుంటూనే ఉన్నారు. ఫోన్ చేశాను. ఆరువందల మందికి భోజనం, ముందురోజు రాత్రి టిఫిన్లు, ఎంతమంది పనివాళ్లు వస్తారు, సామాను ఎవరు తేవాలి, అన్నీ మాట్లాడుకున్నాక ఆయన "అయితే ఫిక్సేనా అమ్మా" అని అడిగాడు. "ఫిక్సండీ" అన్నాను. అడ్వాన్సు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పెళ్లి ఆరు రోజులుందనగా పెళ్లికొడుకు పెదనాన్న గారు గుండెపోటుతో పోయారు. మైల వచ్చింది, పెళ్లి వాయిదా పడింది. పిలిచిన ప్రతి ఇంటికీ ఫోన్లు చేసే హడావుడిలో మేస్త్రి గారు నాకు గుర్తు రాలేదు, రెండు రోజుల తర్వాత చేశాను. ఆయన ముందు పోయిన మనిషి గురించే అడిగాడు, వయసెంత, పిల్లలకి పెళ్లిళ్లయ్యాయా అని. తర్వాత కాస్త ఆగి, "అదే రోజుకి గుడివాడలో ఒక పనొస్తే, మీకు ఫిక్సన్నానని వదిలేశానమ్మా. ఎనిమిది మంది పనివాళ్లకి తలా ఐదొందలిచ్చి ఆపుకున్నాను" అన్నాడు. డబ్బులు అడగలేదు. జరిగింది చెప్పాడంతే.

ఇంట్లో ఈ మాట ఎత్తితే బావగారు "అడ్వాన్సే ఇవ్వలేదు కదా, ఇంక ఆయనకి మనం బాకీ ఏముంది" అన్నారు. బావగారు పిసినారి కాదు, కఠినమైన మనిషీ కాదు. అదే వారంలో హాలు వాళ్లకి కట్టిన అరవై వేలూ పోయాయి, రసీదు వెనక చిన్న అక్షరాల్లో ముందే రాసి ఉందని ఒక్క మాట అనకుండా వదులుకున్నారు. ఒకవైపు అరవై వేలు మారుమాట్లాడకుండా పోయింది, ఇంకోవైపు నాలుగు వేలు ఎందుకివ్వాలో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అప్పటి నుంచి ఈ విషయం నా బుర్రలో తిరుగుతూనే ఉంది, రాయకపోతే వదిలేలా లేదు.

చట్టం మాటకొస్తే బావగారి వాదన నిలవదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం నోటితో చేసుకున్న ఒప్పందాన్నీ ఒప్పందంగానే చూస్తుంది. నేను వండుతాను అని ఒకరు, ఇంత ఇస్తాను అని ఇంకొకరు మాట ఇచ్చుకుంటే ఒకరి మాటకి ఇంకొకరి మాటే బదులు, డబ్బు చేతులు మారి తీరాలని లేదు. కానీ నాలుగు వేల కోసం ఏ మేస్త్రీ కోర్టుకి వెళ్లడు, కాబట్టి చట్టాన్ని పక్కన పెడతాను. నన్ను పట్టుకున్నది ఆ 'ఫిక్స్' అనే మాటే. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు ఒక అర్థం, మేస్త్రి గారి చెవిలో పడ్డాక ఒక అర్థం, బావగారి లెక్కలో ఇంకో అర్థం. ముగ్గురం తెలుగువాళ్లమే, ముగ్గురం రోజూ వాడే మాటే.

తెనాలి వసారాలో

మా నాన్న దస్తావేజు లేఖరి. తెనాలిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక పెంకుటింటి వసారాలో బల్ల వేసుకుని ముప్పై ఏళ్లకి పైగా రాశారు. సెలవుల్లో నేను అక్కడే కూర్చుని కార్బన్ కాగితాలు సర్దేదాన్ని. పొలం బేరమనో, ఇంటి బేరమనో ఎవరొచ్చినా కలం పట్టుకునే ముందు నాన్న అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎంతవరకు వచ్చింది?"

దానికి వచ్చే జవాబులు నాకిప్పటికీ వరసగా గుర్తున్నాయి. అనుకుంటున్నామండీ. మాటయిందండీ. బేరం తెగిందండీ. బయానా ముట్టిందండీ, అంటే అడ్వాన్సు చేతిలో పడిందని. ఒక్కో జవాబుకి నాన్న చేసే పని వేరు. 'అనుకుంటున్నాం' అంటే కుర్చీ కూడా వేయకుండా వెళ్లి అనుకుని రండి అనేవారు. 'మాటయింది' అంటే ఇరువైపులా పెద్దమనుషులు ఎవరున్నారని అడిగేవారు. 'బేరం తెగింది' అంటే రేటు, కొలత, హద్దులు అడిగేవారు. 'బయానా ముట్టింది' అన్నాక మాత్రమే ఇనప్పెట్టె మీద నుంచి స్టాంపు కాగితాల సంచి దిగేది.

అప్పట్లో నాకు అదొక చాదస్తంలా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నాలుగు మాటలూ నాలుగు మెట్లు. ఏ మెట్టు మీద ఉన్నారో చెబితే అక్కడి నుంచి వెనక్కి దిగితే ఎవరికి ఎంత పోతుందో కూడా చెప్పినట్టే. అనుకుంటున్న దగ్గర ఆగిపోతే ఎవరికీ ఏమీ పోదు. మాటయ్యాక వెనక్కి తగ్గితే డబ్బు పోదు గానీ మాట పోతుంది, ఊళ్లో మళ్లీ బేరానికి కూర్చున్నప్పుడు ఆ సంగతి ఎవరో ఒకరు తీస్తారు. బయానా ముట్టాక కొనేవాడు తప్పుకుంటే ఆ డబ్బు వదులుకోవాలి, అమ్మేవాడు తప్పుకుంటే రెట్టింపు తిరిగివ్వాలి అని షరతు పెట్టుకునేవారు. కాగితం రాసుకున్నాక కోర్టు దాకా పోవచ్చు, గడువు దాటిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయవచ్చని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతుంది, నాన్న ఆ సంగతి ఇద్దరికీ వినపడేలా చదివి మరీ సంతకం పెట్టించేవారు.

బయానాకి తెలుగులో ఒక పాత మాట ఉంది, సంచకరువు. సంస్కృతంలో సత్యంకారం అనే మాట మన నోళ్లలో నలిగి అలా మారింది. అమరకోశంలో వైశ్యవర్గంలో, అమ్మకాలూ కొనుగోళ్ల మాటల మధ్య, సత్యంకారం కనిపిస్తుంది. సత్యం చేయడం అని అర్థం. బేరం ఆడినవాడు నాలుగు రూపాయలు చేతిలో పెట్టడాన్ని మాటని నిజం చేయడం అన్నారు. నాన్న ఈ సంగతి చెప్పినప్పుడు నాకు పన్నెండేళ్లుంటాయి, పెద్దగా పట్టించుకోలేదు. మేస్త్రి గారితో మాట్లాడిన రోజు రాత్రి అదే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. నేను నా మాటని నిజం చేయలేదు, ఆయన మాత్రం పనివాళ్లకి తలా ఐదొందలిచ్చి తన మాటని నిజం చేసుకున్నాడు.

దేవుడితో అయితే మనం ఈ పొరపాటు చేయం. దుర్గమ్మకి మొక్కుకుంటే పసుపుగుడ్డలో రూపాయి కట్టి ముడుపు పక్కన పెడతాం, పని కాకముందే. భవానీ దీక్ష తీసుకునేవాళ్లు మాల వేసుకుంటారు, మండలం అంటే 41 రోజులు, అది చూసిన ప్రతివాడికీ ఆ మనిషి ఏ మాటలో ఉన్నాడో తెలుస్తుంది, హోటల్లో సర్వరు కూడా దానికి తగ్గట్టు నడుచుకుంటాడు.

'అనుకున్నాం' అనే మాట

తెలుగులో అన్నిటికంటే మోసం చేసే మాట ఇదేనని నాకనిపిస్తుంది. మనసులో తలచుకోవడమూ అనుకోవడమే, ఇద్దరు కూర్చుని నిర్ణయించుకోవడమూ అనుకోవడమే. "రేపు వెళ్దామనుకున్నాను" అంటే నా ఆలోచన, మానేస్తే నాకు నేనే జవాబు. "రేపు వెళ్దామనుకున్నాం" అంటే మానేసినవాళ్లు రెండోవాళ్లకి జవాబు చెప్పాలి. ఈ రెంటి మధ్య జారిపడినవాళ్లని నేను చూశాను.

మాకు తెలిసిన ఒకాయన తెనాలి దగ్గర మూడెకరాలు కౌలుకి చేసేవాడు. పొలం ఆసామి విజయవాడలో ఉంటాడు. ఒక సంక్రాంతికి బస్తాల లెక్క తేల్చుకున్నాక ఆసామి "వచ్చే ఏడు కూడా నీకే అనుకుంటున్నా" అన్నాడట. ఈయన ఇంటికొచ్చి భార్యతో "వచ్చే ఏడు కూడా మనకే అనుకున్నాం" అని చెప్పాడు. ఒక్క అక్షరం తేడా అనిపిస్తుంది, కానీ ఆ వేసవిలో ఈయన నలభై ట్రాక్టర్ల చెరువు మట్టి, పది ట్రాక్టర్ల పశువుల ఎరువు తోలించాడు. జూన్‌లో ఆసామి ఎకరానికి రెండు బస్తాలు ఎక్కువిస్తానన్న వేరేవాడికి ఇచ్చేశాడు. అడిగితే "నేను నీకిస్తానని మాటిచ్చానా? అనుకుంటున్నా అన్నాను" అన్నాడు. వ్యాకరణం ప్రకారం ఆసామి చెప్పింది నిజమే. మట్టి మాత్రం ఆ పొలంలోనే ఉండిపోయింది.

ఈ కథ విన్న మా పక్కింటాయన "వాడు గట్టిగా అడిగి ఉండాల్సింది" అన్నారు. నేను ఆలోచించాను, నిజమే కదా అని. కానీ ఎలా అడుగుతాడు? "అనుకుంటున్నారా, ఇచ్చినట్టేనా" అని అడిగితే ఆసామికి అనుమానంలా వినపడుతుంది, నా మాట మీద నమ్మకం లేదా అని ముఖం మారుతుంది, ఉన్న ఆశ కూడా పోతుంది. మాట ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో, అడిగే ధైర్యం వాళ్లకే తక్కువ. అందుకే రెండోవాడు అడగాలి అనే సలహా నాకు నచ్చలేదు. ఇవ్వగలిగిన చోట ఉన్నవాడే ముందు చెప్పాలి.

కౌలు అనే మాట పుట్టుక తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. అరబ్బీలో 'కౌల్' అంటే మాట, పలుకు. నవాబుల కాలంలో సర్కారు రైతుకిచ్చే హామీ కాగితాన్ని కౌలు అనేవారు, పొలం సాగుకిచ్చే ఏర్పాటుకి అదే పేరు నిలిచిపోయింది. ఖరారు కూడా అలా వచ్చిందే. అంటే కౌలురైతు అంటే మాట మీద బతికే రైతు అని. కృష్ణా, గుంటూరు డెల్టాలో ఈ రోజుకీ చాలా కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. 2011లో గుర్తింపు కార్డుల చట్టమొచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమొచ్చింది, పదకొండు నెలల ఒప్పందం, ఒక కార్డు. కార్డుంటే పంట రుణానికీ బీమాకీ నష్టపరిహారానికీ దారి దొరుకుతుంది. కానీ 2019 చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే రేపు పొలం మీద హక్కు అడుగుతాడేమో అని యజమానికి భయం, హక్కు రాదని చట్టంలో రాసి ఉన్నా సరే. దాంతో చాలాచోట్ల తుపానుకి పంట పోయినవాడొకడు, పరిహారం జాబితాలో పేరున్నవాడొకడు.

సర్కారు ఇచ్చిన కౌలు

మన దగ్గర ఉంటూ మాట గురించి రాస్తే అమరావతి ప్రస్తావన రాకుండా ఉండదు. రాజకీయం జోలికి పోను, మాటల సంగతి మాత్రమే. భూసమీకరణలో 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకి పైగా ఇచ్చారు. అమ్మలేదు, ఇచ్చారు. బదులుగా మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు, అంటే ఏటి ఒడ్డున నీటి వసతి ఉన్న భూమి అయితే వాణిజ్య స్థలం 450 గజాలు. పదేళ్లపాటు ఏటా కొంత డబ్బు, మెట్టకి 30 వేలతో, జరీబుకి 50 వేలతో మొదలై ఏటా పెరుగుతూ. కాగితాల్లో దాని పేరు యాన్యుటీ. రైతులు ఒక్కరు కూడా ఆ మాట వాడగా నేను వినలేదు, వాళ్లకది "కౌలు డబ్బులు". సర్కారే కౌలుదారు అయిందన్నమాట. ఎవరూ చెప్పకుండానే వాళ్లు సరైన మాట పట్టుకున్నారు.

తర్వాత ఏం జరిగిందో చదివేవాళ్లందరికీ తెలుసు. నాకు ముఖ్యమనిపించేది ఏమిటంటే, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు అందులో రాజధాని ఎక్కడ ఉండాలనే చర్చతో పాటు ఒక మామూలు బేరం సంగతి కూడా ఉంది: ఒప్పందం చేసుకున్నారు, అవతలివాళ్లు తమ వంతు ఇచ్చేశారు, మీ వంతు మీరు నెరవేర్చండి, ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వండి అని. నాన్న ఉండి ఉంటే "ఎంతవరకు వచ్చింది" అని అడిగేవారు. రైతు వైపు నుంచి చూస్తే అది స్వాధీనం దాకా వచ్చింది, పొలం చేతులు మారిపోయింది. ఇంకోవైపు నుంచి చూస్తే అది చాలాకాలం 'ప్లాన్' అనే మెట్టు మీదే ఉండిపోయింది. ఒకే ఒప్పందంలో ఇద్దరూ వేర్వేరు మెట్ల మీద నిలబడితే కింద ఉన్నవాడికి వెనక్కి దిగడం సులువు, పైకెక్కినవాడికి దిగే దారి ఉండదు.

మా అక్క కొడుకు అన్నది

ఇవన్నీ మా అక్క కొడుకుతో అంటే వాడు వెంటనే ఒప్పుకోలేదు. "పిన్నీ, ఇంగ్లీషు మాటలొచ్చి మెట్లు పోయాయంటావా? హాలు వాళ్లని చూడు. ఎంక్వైరీ, డేట్ బ్లాక్, టోకెన్ అడ్వాన్స్, బుకింగ్. తాతయ్య దగ్గర నాలుగు మెట్లుంటే వాళ్ల దగ్గరా నాలుగున్నాయి. రైల్వేని చూడు, వెయిటింగ్ లిస్ట్, ఆర్‌ఏసీ, కన్ఫర్మ్. విజయవాడ స్టేషన్లో ఏ ముసలమ్మని అడిగినా ఆర్‌ఏసీ అంటే సగం సీటని చెబుతుంది."

వాడన్నది నిజం. నేను రాసుకున్న సగం వ్యాసం అక్కడితో కొట్టేయాల్సి వచ్చింది. ఇంగ్లీషు మాటల మీద నేరం మోపుదామని మొదలుపెట్టాను. నిజానికి 'ఖరారు' కూడా ఒకప్పుడు బయటి మాటే, 'బయానా' కూడా. ఏ భాష నుంచి వచ్చిందన్నది అసలు సమస్యే కాదు.

కానీ వాడి మాటలోనే నాకు ఇంకో సంగతి కనపడింది. హాలు వాళ్లకి మెట్లున్నాయి. రైల్వేకి ఉన్నాయి. బ్యాంకుకి ఉన్నాయి. వాళ్లు ప్రతి మెట్టుకీ పేరు పెట్టుకున్నారు, ప్రతి మెట్టు దగ్గరా రద్దు చేస్తే ఎంత పట్టుకుంటారో ముందే అచ్చు వేసుకున్నారు, బావగారు అరవై వేలు నోరెత్తకుండా వదులుకున్నది అందుకే. మరి వంట మేస్త్రికి? సన్నాయి మేళం ఆయనకి? పాయకాపురం నుంచి మల్లెమొగ్గలు తెచ్చి జడలు కుట్టే ఆవిడకి? మామిడాకు తోరణాలు కట్టే కుర్రాడికి? వాళ్లకి మనం ఇచ్చేది ఒకే ఒక్క మాట, ఫిక్స్. అది వాళ్ల వైపు నుంచి బుకింగంత గట్టిది, మన వైపు నుంచి ఎంక్వైరీ అంత పలచనిది. పనివాళ్ల దగ్గర మాత్రమే మెట్లు చెరిగిపోయాయి. మేస్త్రి గారు ఆ రోజు రాకుండా ఉండి ఉంటే మేం ఎన్ని మాటలనేవాళ్లమో నాకు తెలుసు. మాట తప్పాడు అనేవాళ్లం, ఊరంతా చెప్పేవాళ్లం. మేం రద్దు చేస్తే దాని పేరు వాయిదా.

మన మధ్య కాగితాలేంటి

దీనికి ఎదురువాదం ఒకటుంది, అది చిన్నది కాదు. ప్రతిదానికీ మెట్టు అడుగుతూ పోతే మనుషుల మధ్య చనువు మిగలదు అని. మా అమ్మ ఈ వాదనకి సాక్ష్యం. ఆవిడ ఎవరినీ 'రాను' అని అనలేదు, 'చూద్దాం' అనేది. చుట్టుపక్కల అందరికీ ఆవిడ 'చూద్దాం' అంటే కుదరదని తెలుసు, ఎవరూ ఆ రోజు ఆవిడకి విస్తరి వేయలేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. 'అలాగే లెండి' అనే మాటలో ఎన్ని రకాలున్నాయో, స్వరాన్ని బట్టి ఏది అవును, ఏది కాదు, ఏది తర్వాత మాట్లాడదాం అని ఈ ఊళ్లో పెరిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ మెత్తదనం పోవాలని నేను కోరుకోను. పేరంటానికి పిలిస్తే వస్తావా రావా ఒక్క మాట తేల్చు అని నిలదీసే రోజు రాకూడదు.

అయితే అమ్మ 'చూద్దాం' పనిచేసింది ఎందుకంటే విన్నవాళ్లూ అన్నవాళ్లూ ఒకే వీధివాళ్లు, ఒకరి పెళ్లికి ఒకరు పనిచేసుకునేవాళ్లు. ఈ వారం నేను తప్పితే వచ్చే వారం నువ్వు తప్పుతావు, లెక్క సరిపోతుంది. డబ్బుకి పనిచేసేవాడి దగ్గర, పొలం మనది సాగు వాడిది అయిన చోట, అదే మెత్తదనం వాడి నెత్తిన పడుతుంది. "మన మధ్య కాగితాలేంటి" అనే మాట నేను నాన్న వసారాలో ఎన్నోసార్లు విన్నాను, దాదాపు ప్రతిసారీ దాన్ని అన్నది కాగితం లేకపోతే లాభపడే మనిషే. బావమరుదుల మధ్య కూడా.

పాతకాలంలో మాటకి విలువ ఉండేది, ఇప్పుడు లేదు అనే వాదన కూడా నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఇది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. నాన్న పోయే ముందు ఏడాది ఒకసారి చెప్పారు, కొత్తగా బల్ల వేసిన రోజుల్లో పాలేర్ల కాగితాలు కొన్ని రాశానని. పిల్ల పెళ్లికో, జబ్బుకో ఆసామి దగ్గర రెండు మూడు వందలు తీసుకుని, ఈ బాకీ తీరేవరకు మీ ఇంట పని చేయగలవాడను అని వేలిముద్ర. దస్తావేజుల్లో 'చేస్తాను' అని రాయరు, 'చేయగలవాడను' అని రాస్తారు, ప్రామిసరీ నోటులో 'కోరినప్పుడు చెల్లించగలవాడను' అన్నట్టు. ఆ బాకీలు తీరేవి కావు, కొడుకులు కూడా అదే మాట కింద పనిచేసేవారు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం అలాంటి కాగితాలన్నీ చెల్లవని చెప్పింది. నాన్న ఏమన్నారంటే, "ఆ రోజుల్లో వాళ్లు పారిపోతే మాట తప్పారని ఊరు ఊరంతా తిట్టింది, నేనూ తిట్టాను" అని. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

కాబట్టి ఇచ్చిన ప్రతి మాటా నిలబెట్టుకుని తీరాలి అని నేను అనలేను. తెలుగులో 'ఒప్పు' అంటే సరైనది, 'ఒప్పుకోవడం' అంటే సమ్మతించడం. 'తప్పు' అంటే సరికానిది, 'మాట తప్పడం' అంటే దాని నుంచి పక్కకి తొలగడం. సమ్మతించినదే సరైనది, తొలగినదే నేరం అని మన భాష మనకి చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చింది. కానీ పాలేరు ఒప్పుకున్నది ఒప్పు కాదు, వదిలి పోవడం తప్పు కాదు. ఒప్పుకోకుండా ఉండే వీలు లేనివాడి నుంచి తీసుకున్నదాన్ని నేను మాట అనను.

అదే సమయంలో 'తప్పకుండా' అనే మాట ఎంత వట్టిదైపోయిందో కూడా చూస్తున్నాను. తప్పకుండా వస్తామండీ అని చేతులు పట్టుకుని చెప్పినవాళ్లలో ఎంతమంది వస్తారో ముందే లెక్కేసుకుని మేస్త్రికి వెయ్యి పిలుపులకి ఆరువందల భోజనాలు చెబుతాం. ఒకవైపు ఈ మాట ఇంత తేలిక, ఇంకోవైపు పాలేరు కాగితంలో అంత బరువు. ఏ మాట ఎంత బరువుందో తూచి చెప్పే బాధ్యత ఎప్పుడూ పై చేయిగా ఉన్నవాళ్లదే అని నేననడానికి కారణం ఇదే. నేను మేస్త్రి గారితో "ఫిక్సండీ" అనే బదులు "ఇంకా అనుకుంటున్నామండీ, సోమవారం బయానా పంపిస్తాను, అప్పటిదాకా వేరే పనొస్తే ఒప్పుకోండి" అని ఉండొచ్చు. లేదా "ఖాయమండీ, ఆగిపోతే మీ పనివాళ్ల కూలీ మాది" అనొచ్చు. రెంటికీ అర నిమిషం చాలు.

తాడేపల్లిలో

వారం తర్వాత డబ్బు తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. వారధి దాటి, లోపలి వీధిలో, ఇంటి ముందు గుండిగలు బోర్లించి ఉన్నాయి. పదివేలు ఇవ్వబోతే తీసుకోలేదు. "గరిటె పట్టకుండా కూలి తీసుకోనమ్మా" అన్నాడు. పనివాళ్లకి ఇచ్చింది మాత్రం తీసుకోమని బతిమాలితే, నాలుగు వేలు లెక్కపెట్టుకుని మిగతాది నా చేతిలో పెట్టాడు. గుడివాడ పని సంగతి నేను ఎత్తితే చేయి అడ్డంగా ఊపాడు.

బావగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నాలుగు వేలేనా తీసుకున్నాడు" అన్నారు.

పెళ్లి కార్తీకానికి మళ్లీ కుదిరింది. ముహూర్తం పెట్టించిన సాయంత్రమే మేస్త్రి గారికి ఫోన్ చేశాను, ఈసారి తేదీ, బయానా, ఆగిపోతే ఎవరు ఏం భరించాలి అన్నీ నేనే ముందు చెబుదామని. ఆయన తేదీ విని, "ఆ రోజుకి మంగళగిరిలో ఒకళ్ల దగ్గర బయానా పుచ్చుకున్నానమ్మా, ఏమనుకోకండి" అన్నాడు. ఉండవల్లిలో తన దగ్గర పని నేర్చుకున్న ఒకాయన ఉన్నాడని, చేయి బాగుంటుందని, నంబరు ఇచ్చాడు. అక్క ఆ రాత్రే ఆయనకి ఐదు వేలు పంపించింది.